ఒడ్డున వణికే చెయ్యి

ప్రసూన కుడిచెయ్యి ఒడ్డున వణికేది. పడవెక్కి తెడ్డు అందుకుంటే వణికేది కాదు. ఆమెకు వచ్చిన చిక్కంతా అదే.

ఆమె నెల్లూరులో ఒక బళ్లో డ్రిల్లు టీచరు. చదువుకునే రోజుల నుంచీ పడవ పందేలకు వెళ్లేది. నలభై దాటాక పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది. చొక్కా గుండీ పెట్టుకోవడం పెద్ద పనైంది. అన్నం కలుపుతుంటే మెతుకులు కంచం బయట పడేవి. ఆ కబురు తెలియగానే పాత జట్టు కార్యదర్శి, "వణికే చేతికి తెడ్డెవరిస్తారమ్మా? ఇంట్లో కూర్చుని దేవుణ్ణి తలుచుకో" అన్నాడు.

ఆమె ఇంట్లో కూర్చోలేదు. కండలేరు జలాశయం దగ్గర ఖాదర్ వలీ అనే రిటైరైన సుబేదారు దివ్యాంగులకు పడవ పందేలు నేర్పుతున్నాడని విని వెళ్లింది. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన ఆమె చేతివంక చూడనైనా లేదు.

"ఈత వచ్చునా?" అని మాత్రం అడిగాడు.

వచ్చునంది ప్రసూన. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

అక్కడ ఏసురత్నం అనే కుర్రవాడు ఆమెకు జత అయ్యాడు. లారీ కింద పడి ఎడమ కాలు మోకాలి దాకా పోగొట్టుకున్నవాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చుని, చెరో రెండు తెడ్లు పట్టి, సన్నటి పొడుగుపాటి పడవను నడిపేవాళ్లు. ఆమె మాత్ర వేసుకుని, అది ఒంటికి పట్టాక నీళ్లలోకి దిగేది. తెడ్డు లయ అందుకుందంటే ఆమెకు జబ్బుందని ఎవరూ అనుకోలేరు.

అదే కొంప ముంచింది. ఆ ఏడు హైదరాబాదులో ఒక చెరువు మీద జాతీయ జట్టుకు ఎంపిక జరిగింది. పందెం కంటే ముందు ఎవరి వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి అర్హత తేల్చాలి. శశాంక్ అనే డాక్టరు ఆమెను తెడ్డు వేయమన్నాడు, చేతులు చాపమన్నాడు.

"మీకేం లేదమ్మా. నిక్షేపంలా ఉన్నారు" అని కొట్టేశాడు.

ఆమె మాత్రల సంగతి చెప్పబోయింది. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు. బయటికి వస్తుంటే వరసలో ఎవరో అన్నారు: "కాళ్లూ చేతులూ బాగున్నోళ్లు కూడా మన వాటాకి ఎగబడుతున్నారు."

ఉస్తాద్ అప్పుడేమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులోనూ ఏమీ అనలేదు. ఆమెకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మళ్లీ ఏడు మళ్లీ అదే ఎంపిక, అదే చెరువు, అదే డాక్టరు.

ఆ ఉదయం ప్రసూన పడవల షెడ్డు దగ్గరికి కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ముఖం బిగుసుకుపోయి ఉంది. చెయ్యి అదుపు లేకుండా ఊగుతోంది.

"ఏమైందక్కా?" అంటూ ఏసురత్నం ఎదురెళ్లాడు.

"ఏం కాలేదు. మాత్ర మానేశాను. వాళ్లకు రోగం కావాలట. చూపిస్తాను."

ఆమె వచ్చి ఉస్తాద్ ముందు నిలబడింది.

"వణికితే పనికిరావన్నాడు ఒకడు. వణక్కపోతే దొంగవన్నాడు ఇంకొకడు. ఈ ఇద్దరి మధ్య నేనెక్కడ బతకాలి ఉస్తాద్? బిచ్చానికి పుండు చూపించుకోమంటున్నారు. సరే, చూపించుకుంటాను. ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పండి."

ఉస్తాద్ పనిముట్ల సంచిలోంచి స్పానర్ తీసుకుని వాళ్ల పడవ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె తెడ్డును పట్టి ఉంచే కొక్కేనికి బిగించిన నట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"నట్టు తీస్తున్నా."

"అది తీస్తే తెడ్డు నిలవదు!"

"నిలవదు."

"పడవ బోర్లా పడద్ది ఉస్తాద్" అన్నాడు ఏసురత్నం, కంగారుగా.

"పడనీ. వాళ్లు చూస్తారు."

ఆ నట్టు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. వణుకుతున్న చేతిలో అది నిలవలేదు. సిమెంటు గచ్చు మీద పడి దొర్లింది. ఆయన దాన్ని ఏరి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. రెండో కొక్కెం దగ్గరికి వెళ్లాడు.

ప్రసూన చేతిలోని నట్టు వైపు చూసింది. తర్వాత ఎడమచేత్తో తన సంచిలో తడుముకుని మాత్ర తీసింది. ఏసురత్నం నీళ్ల సీసా మూత విప్పి ఇచ్చాడు.

ఉస్తాద్ ఆమె వైపు చూడకుండానే నట్టు తీసుకుని బిగించాడు.

మాత్ర ఒంటికి పట్టింది. ఆమె వెళ్లి తెడ్డు వేసి చూపించింది. గదిలో డాక్టరు ముందు చేతులు చాపింది. ఆయన పక్కన ఇంకొకావిడ కూడా కూర్చుని ఉంది, పరీక్షలో ఆయనకు సాయం.

"డాక్టరుగారూ, నేను మాత్ర వేసుకుని వచ్చాను" అంది ప్రసూన.

"మంచిది. పోయినేడు చెప్పిందే ఇప్పుడూ చెప్పాలి. మీకేం కనిపించడం లేదు. ఇక వెళ్లొచ్చు."

ఆమె లేవలేదు.

"మధ్యాహ్నం భోజనాల వేళకు మాత్ర బలం దిగిపోతుంది. అప్పుడు చూడండి. అందాకా ఇక్కడే కూర్చుంటాను."

"బయట ఎంతమంది ఉన్నారో చూశారా?"

"చూశాను. పిలవండి. నేను అడ్డం రాను, కుర్చీ పక్కకు జరుపుకుంటాను."

"అలా కుదరదమ్మా. రూలు ఒప్పుకోదు."

"కళ్లజోడు పెట్టుకుని వచ్చినవాణ్ణి, నీ చూపు బాగానే ఉంది పొమ్మంటారా? పెట్టుడు కాలితో నడిచొచ్చిన వాడికి రెండు కాళ్లున్నాయని రాస్తారా?" ఆమె గొంతు పెంచలేదు. "నా జబ్బుతో మీకు ఆట ఆడించి చూపించను. వచ్చే వేళకు అదే వస్తుంది. నేను పిలవక్కర్లేదు. చూడటం మీ ఉద్యోగం, చూడండి."

డాక్టరు తలుపు దగ్గర నిలబడ్డ ఉస్తాద్ వైపు తిరిగాడు. "సుబేదారుగారూ, మీరైనా చెప్పండి."

ఉస్తాద్ మూలనున్న స్టూలు తెచ్చి, ప్రసూన పక్కన వేసుకుని కూర్చున్నాడు.

డాక్టరు విసుక్కుని తర్వాతి మనిషిని పిలిచాడు. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, పోతున్నారు. ఇద్దరూ కదల్లేదు. ఎండ గది మధ్యదాకా వచ్చింది. ప్రసూన ముఖంలో కళ మెల్లగా తగ్గింది. రెప్పలు అరుదుగా పడుతున్నాయి. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి వేళ్లు నశ్యం నలుపుతున్నట్టు వాటంతటవే కదలసాగాయి.

ముందు గమనించింది డాక్టరు పక్కనున్నావిడే. లేచి వచ్చి ప్రసూన మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా వంచింది. అది పళ్లచక్రంలా ఆగి ఆగి వంగింది.

"సార్, మీరొకసారి రండి" అంది.

ఆయన వచ్చాడు. పట్టి చూశాడు. లేచి నడవమన్నాడు. లేవడానికే ఆమెకు రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆయన తన కాగితాల దగ్గరికి వెళ్లి కలం అందుకున్నాడు.

"ఇది పోయినేడే చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పబోయాను. మీరు తర్వాతి పేరు పిలిచారు." మాట సన్నగా, పెదవులు కదిలీ కదలనట్టు వచ్చింది.

ఆయన అర్హురాలని సంతకం పెట్టాడు. పెట్టి, నవ్వు తెచ్చుకుని, "మీలాంటివాళ్లే అందరికీ ఆదర్శం మేడం" అని చెయ్యి చాపాడు.

ఆమె ఆ చెయ్యి అందుకోలేదు.

"నాకు ఆదర్శం అక్కర్లేదు డాక్టరుగారూ. నాది ఒక ఏడాది పోయింది. ఈ జబ్బులో ఏడాదంటే ఏమిటో మీరు చదువుకునే ఉంటారు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పందెంలో వాళ్ల పడవ మిగతావాటిని వెనక్కి నెట్టేసింది. ఇద్దరినీ జాతీయ జట్టులోకి తీసుకున్నారు. ఏసురత్నం పెట్టుడు కాలు విప్పి గాల్లో ఊపుతూ అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. పోయినేడు కొట్టిపారేసిన సంగతి ఎవరూ ఎత్తలేదు. క్షమించమని ఎవరూ అనలేదు. పైగా పడవ పందేల సంఘంవాళ్లు వచ్చి, ఆమె చెయ్యి వణుకుతుండగా ఒక ఫోటో దిగుదామన్నారు. ఆమె వాళ్లకు వీపు చూపించి నడిచింది.

ఆ తర్వాతి ఉదయం జట్టు శిక్షణ మొదలైంది. ప్రసూన పడవలో కూర్చుని ఉంది. ఉస్తాద్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పడవ కదలకుండా పట్టుకున్నాడు.

"ఉస్తాద్, కావాల్సింది దక్కింది. అయినా కడుపు మండుతూనే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ డాక్టరు మీద, ఆ కార్యదర్శి మీద, చప్పట్లు కొట్టినవాళ్ల మీద కూడా. ఇది చల్లారదేం? దీన్నేం చేయమంటారు?"

ఏసురత్నం వినడానికి వెనక్కి తిరిగాడు.

ఉస్తాద్ ఆమె చేతుల వైపు చూశాడు. తెడ్డు పిడుల మీద వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన వంగి, ఆ వేళ్లను ఒక్కొక్కటే వదులు చేశాడు.

"మండనీ అమ్మా" అన్నాడు. "తెడ్డును మాత్రం ఇంత గట్టిగా పట్టుకోవద్దు."

పడవను నీళ్లలోకి తోశాడు.