రుచి చూపించిన నక్క

మిరపచేల వెనక ఒక కుంట. దానికి నీరు తెచ్చే పిల్లకాలువ గట్టు మీద జంబయ్య అనే ముసలి నక్క కాపురం. ఒకప్పుడు జంబయ్య ఊళ వేస్తే తొమ్మిదూళ్ళ కుక్కలు మంచాల కింద దూరేవి, చంద్రుడు సైతం మబ్బు కప్పుకునేవాడు. ఇప్పుడు పళ్ళూడిపోయాయి. వేట లేక డొక్కలు ఎండుతున్న రోజుల్లో, చేలో ఎవరో వదిలేసిన పురుగుమందు డబ్బా దొరికింది.

ఇంకేం, మీసం దువ్వుకుంటూ కుంటకు వెళ్ళాడు.

"తాబేలక్కా! రోజుకో చేపను గట్టెక్కించు. లేదంటే ఈ డబ్బా కాలువలో బోర్లిస్తా."

కుంటకు పెద్దదిక్కు ఆ తాబేలే. "బెదిరిస్తున్నావా బావా?"

"బెదిరింపా? కాస్త రుచి చూపిస్తా, చూడు!" అని కాలువలో నాలుగు చుక్కలు వదిలాడు.

చేపల కళ్ళు మండాయి. పిల్లలు కొన్ని వెల్లకిలా తేలాయి. ఆ సాయంత్రం ముసలి కొర్రమీను ఒకటి, "నా వంతు అయిపోయిందిలే" అంటూ తనే గట్టెక్కింది.

ఆనాటి నుంచి చేప ఆలస్యమైతే చాలు, జంబయ్య నాలుగు చుక్కలు విదిల్చేవాడు. అంతకు మించి పోసేవాడు కాదు. డబ్బా అయిపోతే తన బతుకేం కాను?

ఎండలు ముదిరాయి. కాలువలో నీరు బురద మీద పాకుతున్నట్టుంది. ఒకరోజు చేప రాలేదు. చుక్కలు వదిలాడు. రాలేదు. మళ్ళీ వదిలాడు.

"చేపల కళ్ళు మండట్లేదు బావా. ఇంకెందుకు పంపుతాం?" అంది తాబేలు.

జంబయ్యకు ఒళ్ళు మండింది. డబ్బా మొత్తం గుమ్మరించి, కుంట మీద గద్దలా కాచుక్కూర్చున్నాడు. రోజులు గడిచాయి. ఒక్క చేప తేలలేదు సరికదా, కప్పలు కచేరీ పెట్టాయి.

కాలువలోకి వంగి చూశాడు. బురదలోంచి సన్నటి గొంతు:

"అయ్యా, ఇంకొంచెం ఉందా?"

"ఎవడ్రా అది?"

"బురద క్రిములమండీ. కంటికి ఆనం. మొదటి చుక్కలకు మా ఊరికి ఊరే పోయింది. ఎక్కడో ఒకడు ఆ మందును ముక్కలు చేసి తినే కిటుకుతో బతికాడు. వాడు పొద్దున ఒక్కడు, సాయంత్రానికి ఊరెడు. కిటుకు పక్కవాళ్ళ చేతుల్లోనూ పెట్టాడు. తమరు దయతో కొద్దికొద్దిగా వడ్డించబట్టి అందరం మరిగాం. ఇప్పుడు ఒక్క చుక్క కూడా కుంట దాకా పోనివ్వం."

"విషాన్ని తినడమేమిట్రా!"

"ఇదేం వింత! మా పినతల్లి పిల్లలు పశువుల ఆసుపత్రి మురుగులో ఉంటారు. గొడ్డుకు కాస్త తేలికపడగానే మందు ఆపేస్తారట. చావగా మిగిలినవాళ్ళు ఇప్పుడా మందునే విరిచేస్తున్నారు. తమరు మొదటిరోజే డబ్బా బోర్లించి ఉంటే, మా వంశంలో పేరు చెప్పేవాడు మిగిలేవాడు కాదు."

జంబయ్య డబ్బా తలకిందులు చేసి కుదిపాడు. చుక్క రాలలేదు.

తాబేలు మెడ చాచింది. "ఆకలేస్తే అడుగు బావా, నత్తలు ఏరిపెడతాం. బెదిరించావో, ఈ గట్టు కూడా ఎక్కనివ్వం."

జంబయ్య గొంతు తగ్గించి అన్నాడు: "నత్తలైతే... మెత్తనివి చూడక్కా."

నీతి: చావనంత కొద్దిగా కొట్టిన ప్రతి దెబ్బా శత్రువుకు మనం చెప్పిన పాఠమే.