ఎర్రబడ్డ బొటనవేలు

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి గట్టు పక్కనే, వరహాలమ్మగారని ఒకావిడ ఉండేది. ఆవిడ గొంతు విప్పితే గుమ్మంలో పడుకున్న పిల్లి కూడా లేచి నిలబడేదిట. ఆవిడకి ఒక కొడుకు, ఒక కూతురు. కూతురి పేరు రాజ్యం. కోడలి పేరు మాణిక్యం, కాపరానికొచ్చి నెల తిరగలేదు.

ఇంతలో రాజ్యానికి పెళ్ళి కుదిరింది. రేపు పెళ్ళనగా వరహాలమ్మగారు అవతలి గట్టునున్న చుట్టాల్ని తీసుకురావడానికి బయల్దేరింది. "సాయంత్రానికల్లా వచ్చేస్తాను. చేగోడీలు చెయ్యి. పసుపూ సున్నమూ కలిపి రాజ్యం కాళ్ళకి పారాణి పెట్టు" అని కోడలికి చెప్పి పడవెక్కింది.

మాణిక్యానికి ఒకటే ఆశ. అత్తగారి నోట 'మా కోడలు' అనిపించుకోవాలని. ఆవిడేమో ఇంకా 'ఆ అమ్మాయి' అనే అంటోంది మరి.

అందుకని ఏం చేసిందీ? వంటింటి అటక మీద మసిపట్టిన పాత కుండలు మూడు కనపడ్డాయి. ఒకదాంట్లో బియ్యప్పిండి, ఒకదాంట్లో పొడి సున్నం, ఒకదాంట్లో బురదనీళ్ళు తేర్చడానికి నూరి పెట్టిన పటిక. మూతి విరిగిందాంట్లో సున్నం, నల్లగా కాలిందాంట్లో పటిక అని అత్తగారికి గుర్తు. ఈ పిల్లకి ఆ గుర్తులేం తెలుసు? మూడింటినీ గబగబా కొత్త కుండల్లోకి మార్చేసి, పాతవి పెరట్లో పారేసి, మురిసిపోయింది. ఆ తర్వాత మూతలు తీసి చూసింది. మూడూ తెలుపే. ఏది ఏదో తెలియలేదు.

అప్పుడు ఆ పిల్లకి ముచ్చెమటలు పోశాయి. సున్నం చేగోడీల్లో పడిందా, పెళ్ళివారందరికీ నోళ్ళు పొక్కిపోతాయి. పిండి పారాణిలో పడిందా, పెళ్ళికూతురి కాళ్ళు పచ్చగానే ఉండిపోతాయి.

వేళ్ళతో నలిపి చూసింది. మూడూ మెత్తగానే ఉన్నాయి. వాసన చూసింది. తుమ్మొచ్చింది. నాలిక మీద వేసుకోబోతే రాజ్యం చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు వదినా, సున్నమైతే నాలిక కాలిపోతుంది. అమ్మొచ్చాక అడుగుదాంలే."

"అత్తయ్యనే అడిగితే ఇంక నేనెందుకు?" అని మాణిక్యం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కళ్ళు తుడుచుకుంటూ కిందికి చూస్తే, కాలి బొటనవేలు ఎర్రగా కనపడింది. తెగిందేమో అనుకుంది. నొప్పి లేదు. పొద్దున్నే కాళ్ళకి పసుపు రాసుకుందిగా, కుండలు మార్చేటప్పుడు ఆ తడి పసుపు మీద చిటికెడు పొడి రాలింది. పసుపులో సున్నం కలిస్తేనేగా పారాణికి ఎరుపొచ్చేది. అంటే రాలింది సున్నమే. కానీ ఏ కుండలోంచి రాలిందో బొటనవేలు చెప్పదుగా.

అప్పుడు మాణిక్యం మూడు తమలపాకులు తెచ్చి, ఒక్కోదాని మీద తడి పసుపు చుక్క పెట్టింది. మొదటి కుండలోంచి చిటికెడు వేసింది. పసుపు పచ్చగానే ఉంది. రెండో కుండలోంచి వేసింది. అదీ పచ్చగానే ఉంది. మూడో కుండలోంచి వేసేసరికి ఎర్రగా అయిపోయింది. సున్నం దొరికింది.

ఆ తర్వాత రెండు గ్లాసుల్లో గోదారి బురదనీళ్ళు తెచ్చింది. మొదటి కుండలోది వేసి కలిపితే నీళ్ళు తెల్లగా, ఇంకా చిక్కగా అయ్యాయి. రెండో కుండలోది వేస్తే కాసేపటికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి. అది పటిక. ఇంకేముంది, మిగిలింది బియ్యప్పిండి.

చూశావా కన్నా, ఒక వస్తువు ఏమిటో కనుక్కోడానికి మనం తెచ్చి వేసేదాన్ని మీ సైన్సు పుస్తకంలో కారకం అంటారట. ఆకు మీద పసుపు చేసిన పని అదే. చిటికెడు చాలు.

ఆ తర్వాత మాణిక్యం బియ్యప్పిండితో చేగోడీలు చేసి, గిన్నెలో బోలెడు పసుపూ, దానికి తగ్గ సున్నమూ వేసి, నీళ్ళు పోసి కలిపింది. పచ్చనిది పోయింది, తెల్లనిది పోయింది, గిన్నె నిండా ఎర్రటి పారాణి వచ్చింది. ఇలా తాము మారిపోయి కొత్తదాన్ని తయారుచేసేవాటిని క్రియాజనకాలంటారు. పసుపు ఒకటేగా అమ్మమ్మా, అంటావా? ఒకటేరా. మీ అమ్మ బళ్ళో టీచరమ్మ, ఇంట్లో అమ్మ కాదూ? ఇదీ అంతే.

సాయంత్రం వరహాలమ్మగారు చుట్టాలతో పడవ దిగొచ్చింది. రాగానే పెరట్లో పాత కుండలు చూసింది. "ఇవెవరు పారేశారు?" అంది. పిల్లి లేచి నిలబడింది. మాణిక్యం జరిగిందంతా దాచకుండా చెప్పేసింది.

ఆవిడ ఒక చేగోడీ కొరికింది. కరకరలాడింది. కూతురి కాళ్ళు చూసింది. ఎర్రగా పండి ఉన్నాయి. ఆ తర్వాత కోడలి కాళ్ళు చూసింది. కాళ్ళు రెండూ పసుపు, బొటనవేలు ఒక్కటే ఎరుపు. ఆవిడకి నవ్వాగలేదు.

"ఇలా కూర్చోవే" అని పీట వేసింది. గిన్నెలో మిగిలిన పారాణి తెచ్చి, తనే కింద కూర్చుని, కోడలి రెండు పాదాలకీ చుట్టూ అంచు దిద్దింది.

అప్పుడు చుట్టాల్లో ఒకావిడ అడిగింది, "ఎవరే వరహాలూ, ఈ పిల్ల?"

ఆవిడ తలెత్తకుండానే, "మా కోడలు" అంది.

మాణిక్యం కళ్ళల్లో మళ్ళీ నీళ్ళొచ్చాయి. ఈసారి తుడుచుకోలేదు.

పచ్చని పసుపు సున్నానికి,
ఎర్రని పారాణి పాదానికి,
కరకర చేగోడి పంటికి,
కమ్మని నిద్దర కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.