నోట్లో హరిదళం

కొల్లేటి మీద మంచు ఇంకా లేవలేదు. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లని మసకలో తీతువు ఈరమ్మ గట్టు మీద గుడ్లు పొదుగుతోంది. పిచ్చితల్లి, గూడు కట్టడమన్నది దాని వంశంలోనే లేదు. ఉత్త నేల మీద, గులకరాళ్ల మధ్య పెట్టేస్తుంది. రాత్రి మేతకెళ్లొచ్చేసరికి ఒక గుడ్డు మాయం. మిగిలినవైనా దక్కుతాయో లేదోనని వాటి మీంచి కదలడం లేదు.

అంతలో నక్క తాతబ్బాయి ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు.

"రాత్రంతా నీ గుడ్లకి కాపలా కాశాను పిన్నీ. కళ్లు మండిపోతున్నాయనుకో."

"మరి గుడ్డెలా పోయింది అబ్బాయ్?"

"పోయిందా? అయినా నేను కాపలా కాశానని ఎవరన్నారు? చేపలు ఎండబెట్టే దిబ్బ మీద పడుకున్నాను నేను."

అనేసి, దర్జాగా రెల్లుపొదలోకి పోయి పడుకున్నాడు. ఈరమ్మకి ఏడుపొచ్చింది.

చలికాలానికి మంచుకొండలు దాటి చీనా నుంచి వచ్చిన ముసలి బాతొకటి పక్కనే నీళ్ల మీద తేలుతోంది. కలలో మాట్లాడుతున్నట్టు మెల్లగా అంది.

"మా దేశంలో వెనకటికి పసుపుపచ్చ కాగితం మీద రాసేవారమ్మా. అక్షరం తప్పిపోతే హరిదళం అనే పసుపు రాయి నూరి, పైన పూసి, మళ్లీ రాసేవారు. అందుకే నోటికొచ్చింది వాగి, మరుక్షణం మార్చేసేవాణ్ణి చూసి, వీడి నోట్లోనే హరిదళం ఉందంటాం. అబద్ధమాడిన ప్రతివాణ్ణీ అనం. ఇదిగో, ఇలాంటివాణ్ణే."

దూరంగా మంచులో కుక్కల అరుపులు వినిపించాయి. ఈరమ్మకి ఒక ఉపాయం తట్టింది.

"తాతబ్బాయ్, రాత్రి దిబ్బ మీదే ఉన్నానన్నావు కదూ? అక్కడ ఎండుచేపలు పోయాయట. పల్లె కుక్కలు ఇటే వస్తున్నాయి."

నక్క దిగ్గున లేచాడు. "దిబ్బా? ఆ దిక్కు మొహమే చూడలేదు. తెల్లవార్లూ నీ గుడ్ల పక్కనే ఉన్నాను. కుక్కలకి నువ్వే చెప్పాలి పిన్నీ."

"నీతో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే. పురుగు కూడా రాలేదు."

గట్టు కింద నీళ్లలో పడుకున్న గేదెలు ఒక్కొక్కటే తలలెత్తాయి. పాము వచ్చినా, కుక్క వచ్చినా ముందుగా కూసి వాటిని లేపేది ఈరమ్మే.

"ఒక్కడివే ఉన్నావా నాయనా?" అంది పెద్ద గేదె, గట్టెక్కుతూ.

మాట మార్చడానికి నక్క నోరు తెరిచాడు. ఇటంటే కొమ్ములు, అటంటే కుక్కలు. చెప్పడానికి ఇంకో చోటు మిగల్లేదు. తోక ముడిచి మంచులో పడి పరిగెత్తాడు, మళ్లీ ఆ గట్టు తొక్కలేదు.

ఈరమ్మ మిగిలిన గుడ్ల మీద రెక్కలు సర్దుకుని కూర్చుంది.

పూటకో మాట మార్చేవాణ్ణి పట్టుకోవడానికి సాక్షులక్కర్లేదు, వాడి మాటలే చాలు.