నాగపూర్ నుంచి నెల్లూరుకు

నిత్యబోధులవారికి అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఏ బజారుకో, ఎవరింటికో బయలుదేరేవారు. నడవలేని శిష్యులు ఆ భయానికే ప్రశ్నలు మానుకున్నారని ఆశ్రమంలో ఒక ఛలోక్తి ఉండేది.

కోదండపాణి మాత్రం మానలేదు. ఏళ్ల తరబడి జపతపాల్లో మునిగినవాడు, ఉపవాసాలతో చిక్కి సగమైనవాడు. తాను చేరవలసిన చోటు ఇంకా ఎంత దూరం ఉందని గురువుగారి చెవిలో జోరీగలా అడిగేవాడు. ఈసారి చెప్పకపోతే కాషాయం విప్పేసి వెళ్లిపోతానన్నాడు. ఊరికే అనలేదు, మూట కూడా కట్టుకున్నాడు.

గురువుగారు అతణ్ణి నెల్లూరులో మస్తానయ్య అనే పావురాలవాడి మిద్దె మీదికి తీసుకెళ్లారు. ఆనాడు పందెం. తెల్లవారుజామున నాగపూర్‌లో వదిలిన పావురాలు సాయంత్రానికి దేని గూటికి అది చేరాలి. ఆకాశమార్గాన ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. ఇంటి మీద వాలితే చాలదు. గూట్లోకి దిగి, కాలి ఉంగరం యజమాని చేతికి అందితేనే వచ్చినట్టు లెక్క. వాటిలో మస్తానయ్య పావురమూ ఒకటుంది. అతనికి పందెం కన్నా దాని మీదే ప్రాణం. తల్లి చచ్చిన పిల్లను నోటితో గింజలందించి సాకాడు.

పొద్దు వాలుతుండగా అది వచ్చింది. ఊళ్లో అన్నిటికన్నా ముందు వచ్చింది. కోదండపాణికి ఒళ్లు పులకరించింది. దగ్గరగా చూడాలని గూటి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పావురం పిట్టగోడ అంచున వాలి, రెక్కలు జారవేసి, గూటి వైపు చూస్తూ ఉండిపోయింది.

"సామీ, రవంత పక్కకు రండి. కొత్త మనిషి ఉంటే అది దిగదు," అన్నాడు మస్తానయ్య గొంతు తగ్గించి.

కోదండపాణి కదల్లేదు. చీమకైనా అపకారం చేయని తనను చూసి ఒక పక్షి బెదరడమేమిటని అతనికి చిన్నతనంగా తోచింది. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, దానికి అభయమిస్తున్నవాడిలా నిలబడ్డాడు. మస్తానయ్య చేయి పట్టి లాగబోయేంతలో పైనుంచి డేగ దిగింది. చప్పుడుకు కోదండపాణి కళ్లు తెరిచాడు. పిట్టగోడ మీద కాసిని ఈకలున్నాయి.

గురువుగారి ముఖం పాలిపోయింది. ఆయన చూపించాలనుకున్నది ఇది కాదు. మస్తానయ్య తిట్టలేదు. తెరిచిన గూటి తలుపు దగ్గరే చతికిలబడి, గుప్పిట్లోని గింజల్ని ఏం చేయాలో తెలియనట్టు చూసుకున్నాడు. కోదండపాణి తన కాళ్ల మీద పడబోతే చేత్తోనే వద్దన్నాడు.

కోదండపాణి గురువుగారి వెనకే మెట్లు దిగాడు. "స్వామీ, నేను దానికి ఏ కీడూ తలపెట్టలేదు," అన్నాడు ఏడుస్తూ.

"తలపెట్టలేదు," అన్నారు గురువుగారు. కింది మెట్టు దాకా దిగారు. అక్కడ ఆగి, "అంత దూరమూ దానికి అడ్డం కాలేదు, నాయనా," అన్నారు.