తాటిచెట్టు గెలిచిన తాడులాగుడు

దిబ్బలపాలెం పైడంనాయుడి ఇంట్లో అన్నదమ్ములు నలుగురు, వాళ్ళ కొడుకులు నలుగురు. ఎనిమిది మందికీ కండబలం ఉంది. తెలివి కూడా ఉందని వాళ్ళే చెప్పుకునేవారు. ఇంకొకళ్ళు చెప్పగా ఎవరూ వినలేదు.

"మనకి ఒక్కసారి చెబితే చాలురా. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే కదా!" అనేవాడు పెద్దవాడు పైడంనాయుడు. మిగతా ఏడు తలకాయలూ ఊగేవి.

మండలంలో లావుపాటి మోకు వాళ్ళింట్లోనే ఉందని అతణ్ణి తాడులాగుడు సంఘానికి మండల కార్యదర్శిని చేశారు. అంతే, నాయుడి నడకే మారిపోయింది.

ఒకరోజు జిల్లా కార్యదర్శి విశ్వనాథం గారు ఫోన్ చేశారు. "నాయుడూ, ఈ ఆదివారం మీ మండలం పోటీ పెట్టాలి. జట్టుకి ఎనిమిది మంది. రెండు జట్ల బరువూ సమానంగా ఉండాలి. గెలిచినవాళ్ళని జిల్లాకి పంపు. పెట్టలేకపోయావో, ఈ ఏడు మీ మండలానికి చోటు లేదు."

జిల్లా మైదానంలో తన జట్టు, మెడలో దండ, పేపర్లో ఫోటో! నాయుడికి ఆ రోజు అన్నం సహించలేదు. ముందు ఎనిమిది ఎర్ర బనీన్లు కొన్నాడు. ఆ తరువాత రెండో జట్టు కోసం ఊరూరా తిరిగాడు. ఎక్కడికెళ్ళినా కుర్రాళ్ళు బ్యాట్లు భుజాన వేసుకుని నవ్వారు. "తాడు లాగడానికా? మా ఇంట్లో దూడ ఉంది, దాన్నడుగు బాబాయ్!"

ఆదివారం వచ్చింది. రెండో జట్టు రాలేదు.

"నలుగురు ఇటు, నలుగురు అటు లాగండి మావా. పోటీ అయిపోద్ది" అంది అతని భార్య గౌరమ్మ.

"జట్టంటే ఎనిమిది మందే! నలుగురైతే సగం జట్టు. నీకు రూల్సేం తెలుసు, వెళ్ళి వంట చూసుకో."

రెండో జట్టు దొరకలేదని నాయుడు జిల్లాకి ఫోన్ చేశాడు. విశ్వనాథం గారికి విసుగొచ్చింది. "రెండో కొసన ఎవరో ఒకరు ఉండాలి కదయ్యా! మీ ఊళ్ళో గట్టిగా నిలబడేవాళ్ళే లేరా?"

ఎనిమిది మందీ చేను గట్టు వైపు చూశారు. తాటిచెట్టు. తుపానుకి ఇళ్ళు పడ్డాయి గానీ అది పడలేదు.

"దానికంటే గట్టిగా నిలబడేవాడెవడురా?"

ఇంకేముంది, మోకు రెండో కొస చెట్టుకి కట్టారు. జట్టుకి ఎనిమిది మంది కావాలి గనక, ఎనిమిది మట్టలుంచి మిగతావి నరికేశారు. ఇక బరువు. వడ్ల కాటా తెచ్చి చెట్టు పక్కన పెట్టారు. తమ్ముడు ఎర్రయ్య కాటా ఎక్కి, చెట్టుని గట్టిగా వాటేసుకున్నాడు.

"అన్నయ్యా, నా ఒక్కడి బరువే చూపిస్తోంది. చెట్టుకి బరువే లేదు!"

"అయ్యో పాపం. బలం లేనివాణ్ణి గెలిస్తే అదీ ఒక గెలుపేనా?" అని నాయుడు ఇంట్లో ఉన్న విత్తనాల వడ్లు బస్తాలతో సహా తెచ్చి, తమ బరువుకి సరిపడా చెట్టుకి కట్టించాడు.

గౌరమ్మ ఈల ఊదింది. లాగారు. వెల్లకిలా పడ్డారు. లేచి లాగారు. అరచేతులు దోక్కుపోయాయి.

"దానికి ఆయాసం కూడా రాలేదన్నయ్యా!" అన్నాడు ఎర్రయ్య, ఆయాసపడుతూ.

పొద్దు వాలేసరికి చెట్టు గెలిచింది. పైడంనాయుడు ఎర్ర బనీను తడిసేలా ఏడ్చాడు.

"ఏడుపెందుకు? మేమే గెలిచామని చెప్పి వెళ్ళండి. అదొచ్చి కాదంటదా?" అంది గౌరమ్మ.

"ఛీ! అబద్ధమాడే వంశం కాదు మనది. గెలిచినవాళ్ళనే పంపమన్నారు, పంపుతాం!"

అబద్ధమాడకపోవడం మంచిదే. కానీ ఆ మంచికి కాస్త ఆలోచన తోడుండాలి. వీళ్ళకి తోడున్నది గొడ్డలి. అంతే, పచ్చని చెట్టుని మొదలంటా నరికి, ఎనిమిది మట్టలకీ ఎనిమిది బనీన్లు తొడిగి, ట్రాక్టరు మీద జిల్లా మైదానానికి తీసుకెళ్ళారు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు విశ్వనాథం గారు.

"మా మండలం విజేతండి. ప్రయాణంలో అలిసి పడుకుంది."

ఆయన ముఖం బనీన్ల కంటే ఎర్రబడింది. "బుద్ధుందా? మీ మండలం పేరు కొట్టేస్తున్నా! తీసుకుపోండి దీన్ని! ఎక్కడ నరికారో అక్కడే నిలబెట్టండి, పోండి!"

చెప్పింది చెప్పినట్టు చేసే వంశం కదా! తీసుకుపోయారు. ట్రాక్టరుతో ఎత్తించి, పాత మొదలు మీదే నిలబెట్టారు. వదిలితే తూర్పుకి ఒరిగింది. నలుగురు మోకు కట్టి పడమటికి లాగారు. పడమటికి ఒరిగింది. మిగతా నలుగురు రెండో కొస పట్టుకుని తూర్పుకి లాగారు. ఇటు నలుగురు, అటు నలుగురు. ఎవరు వదిలినా చెట్టు ఎవరో ఒకళ్ళ నెత్తిన పడుతుంది.

ఈ వింత చూడటానికి బ్యాట్లు పారేసి కుర్రాళ్ళంతా గట్టు మీదకి చేరారు. ఈలలు, చప్పట్లు. "లాగు బాబాయ్! వదలొద్దు! అబ్బ, ఏం పోటీరా!"

పైడంనాయుడు పళ్ళు బిగబట్టి, మోకు అవతలి కొసనున్న తమ్ముడికేసి చూశాడు.

"చూశావా ఎర్రయ్యా, జనం ఎలా వచ్చారో! ఆ ఆదివారం మనకి రెండో జట్టంటూ దొరికుంటేనా…"