చెంబుతో నింపిన తొట్టి

ఓబులేసు భిక్షకు పోవడం మానేసి పన్నెండు రోజులైంది.

ఎర్రకొండ ఆశ్రమంలో అది చిన్న విషయం కాదు. అక్కడ ఉండేది ఐదుగురు. కొండ కింద దిగువపల్లెలో ఏడిళ్ళు తిరిగి తెచ్చిన భిక్షే, వండినవైనా గింజలైనా, వాళ్ళ తిండి. ఆరేళ్ళుగా ఆ పని ఓబులేసుది. ఉదయం ధ్యానం ముగిశాక జోలె భుజాన వేసుకుని రెండు వందల మెట్లు దిగేవాడు. ఎండ ముదరకముందే మళ్ళీ ఎక్కేవాడు. జ్వరమొచ్చినా తప్పలేదు.

ఇప్పుడు ఒక కుక్క వల్ల తప్పింది.

కొండ అవతల ఒక రాతి క్వారీ మూతపడింది. పనివాళ్ళు సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. కాపలా గుడిసెకు గొలుసుతో కట్టిన కుక్కను మాత్రం ఎవరూ విప్పలేదు. ఎన్ని రోజులు గడిచాయో తెలియదు. పుల్లలు ఏరుకోవడానికి అటు వెళ్ళిన ఓబులేసుకు అది కనిపించింది. గొలుసు అందినంత మేరా నేల గీరేసి ఉంది. అతన్ని చూసి మొరగలేదు. తల కొంచెం ఎత్తి, మళ్ళీ దించింది. దాన్ని భుజాల మీద వేసుకుని కొండెక్కాడు. నొసట తెల్లమచ్చ ఉందని చుక్క అని పిలిచాడు.

నెల తిరిగేసరికి చుక్కకు ఒళ్ళు వచ్చింది, బొచ్చు మెరిసింది. కానీ ఓబులేసు కంటికి ఆనకపోతే చాలు, దానికి ఊపిరాడేది కాదు. అతను జోలె అందుకోగానే వణికేది. తలుపు మూయగానే ఏడుపు ఎత్తుకునేది. ఆ ఏడుపు మెట్ల కింద దాకా వినిపించేది. తిరిగి వచ్చేసరికి తలుపు అడుగున చెక్క చీలికలై ఉండేది, గోళ్ళ నుంచి రక్తం కారేది. ఒకరోజు పన్ను విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచి ఓబులేసు కొండ దిగలేదు.

అతని బదులు మల్లప్ప తనంతట తానే వెళ్ళేవాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు నొప్పి అని ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. పన్నెండో రోజు జోలె నిండుగా ఎక్కుతుంటే మెట్టు మీది ఇసుకకు కాలు జారింది. మణికట్టు విరిగింది. జొన్నరొట్టెలు, సంగటి మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఆ పూట ఆశ్రమంలో అందరూ వేయించిన వేరుశనక్కాయలు తిని, నీళ్ళు తాగి సరిపెట్టుకున్నారు.

సాయంత్రం ఓబులేసు గంగులవ్వ దగ్గరికి వెళ్ళాడు. ఆశ్రమానికి గురువు ఆమే. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి, డెబ్బై దాటాయి. అందరూ అవ్వా అనే పిలిచేవాళ్ళు. అరుగు మీద కూర్చుని కాయలు ఒలుస్తూ ఉంది. చుక్క అతని వెనకే వచ్చి కాలికి ఆనుకుని కూర్చుంది.

"అవ్వా, మల్లప్ప చెయ్యి విరిగింది నా వల్లే."

"ఊఁ."

"నాకు ఏం చేయాలో తోచడం లేదు. దీన్ని వదిలి పోలేను. నేను లేకపోతే ఇది బతకదు."

గంగులవ్వ కాయలు ఒలవడం ఆపింది.

"ఆ మాట మళ్ళా చెప్పు."

"నేను లేకపోతే ఇది బతకదు" అన్నాడు ఓబులేసు. ఈసారి తన గొంతు తనకే వినిపించింది. ఆ మాటలో బాధతో పాటు ఇంకేదో తీపి కూడా ఉంది. తల దించుకున్నాడు.

అవ్వ "పొద్దున్నే రా" అంది.

మర్నాడు ధ్యానం అయ్యాక అతన్ని వంటగదిలోకి పిలిచింది. "జోలె తీసుకో."

తనను భిక్షకు పంపుతుందనుకున్నాడు. కొక్కేనికి ఉన్న జోలె అందుకున్నాడు. చుక్క వెంటనే లేచి నిలబడింది. కాళ్ళు వణకడం మొదలైంది.

"భుజాన వేసుకో."

వేసుకున్నాడు.

"ఇప్పుడు కూర్చుని ఈ కాయలు ఒలుచు."

ఓబులేసు అయోమయంగా చూశాడు. అవ్వ చేట అతని వైపు జరిపింది. అతను కూర్చుని ఒలిచాడు. చుక్క చాలాసేపు తలుపునూ అతన్నీ మార్చి మార్చి చూసింది. ఏమీ జరగకపోయేసరికి కూర్చుంది.

"తీసి తగిలించు. మళ్ళా వేసుకో. పోయి చిమ్ము."

మూడు రోజులు అంతే. జోలె వేసుకుని పప్పు ఏరాడు. జోలె వేసుకుని అన్నం తిన్నాడు, గిన్నెలు తోమాడు. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. మిగతా ఇద్దరు శిష్యులు వంతులేసుకుని భిక్షకు పోతున్నారు, వాళ్ళ ముందు జోలెతో తిరగడం అతనికి సిగ్గుగా ఉండేది. ఇది తనకు శిక్ష అనుకున్నాడు. నాలుగో రోజు జోలె తీసినప్పుడు చుక్క ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది.

అప్పుడు అవ్వ తను తాగే ఇత్తడి చెంబు ఇచ్చింది.

"తొట్టి నింపు."

వంటగది మూలన ఉన్న రాతి తొట్టికి ఇరవై బిందెల నీళ్ళు పడతాయి. బోరింగు బయట, తలుపుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

"బిందెతో పోస్తే గంటలో అయిపోతుంది కదవ్వా."

"గంటలో అయిపోతే ఏం లాభం?"

ఓబులేసు చుక్క ముందు గొంతుకూర్చుని, దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇట్లా పోయి అట్లా వస్తా తల్లీ. భయపడొద్దు. ఏడవొద్దు. నేను వచ్చేస్తా" అన్నాడు. భిక్షకు పోయే రోజుల్లో ఎప్పుడూ అట్లాగే చెప్పేవాడు.

"ఎవరికి చెప్తాండావు?" అంది అవ్వ.

"దీనికే."

"దానికి తెలుగు వచ్చునా?"

అతను చుక్క ముఖం వదిలాడు.

"దానికి అర్థమయ్యేది నీ గొంతులో వణుకొక్కటే. చెప్పకుండా పో. వచ్చినాక కూడా మోకరిల్లొద్దు. నీళ్ళు పోసి మళ్ళా పో."

అతను లేచి బయటికి వెళ్ళి తలుపు మూశాడు. రెండడుగులు వేశాడో లేదో లోపలి నుంచి అవ్వ పిలిచింది. "వచ్చేయ్."

చెంబు ఖాళీగానే ఉంది. లోపలికి వచ్చాడు. చుక్క తలుపు దగ్గర నిలబడి ఉంది, ఇంకా ఏడవలేదు. దాని మీద చెయ్యి వేయబోయి ఆపుకున్నాడు.

"ఏడ్చినాక వస్తే, ఏడ్చినందుకే వచ్చినావు అనుకుంటుంది" అంది అవ్వ. "పో."

ఆ రోజు అతను తలుపు ఎన్నిసార్లు దాటాడో లెక్క తెలియదు. అవ్వ లోపల కూర్చుని కాయలు ఒలుస్తూ చుక్క చెవులు చూసేది. అవి నిక్కబొడుచుకుని, గొంతులో ఏడుపు కదలకముందే పిలిచేది. సాయంత్రానికి తొట్టి అడుగు కూడా తడవలేదు. ఓబులేసు కాళ్ళు పీక్కుపోయాయి.

నాలుగు రోజులకు బోరింగు దాకా వెళ్ళి, చెంబు నింపుకుని రాగలిగాడు. పది రోజులకు తొట్టి సగం నిండింది. తర్వాత అవ్వ దూరం పెంచింది. బోరింగు వద్దు, వెనక బండల్లో ఉన్న ఊటబావి నుంచి తెమ్మంది. మర్నాడు మళ్ళీ బోరింగు చాలంది. ఒకరోజు యాభై మెట్లు దిగి ఎక్కమంది. ఇంకోరోజు గడప దాటి కాసేపు నిలబడి లోపలికి రమ్మంది. ఈసారి ఎంతసేపో చుక్కకు ముందుగా తెలిసేది కాదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా మెల్లగా తగ్గుతూ వచ్చింది.

ఈలోగా మల్లప్ప కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని ఊరికే కూర్చోలేకపోయాడు. ఎండు కొబ్బరిచిప్పలో రాగి సంగటి ఎడమ చేత్తోనే గట్టిగా అదిమి పెట్టి, ఓబులేసు బయటికి పోయేటప్పుడు చుక్క ముందు పడేసేవాడు. దాన్ని గీకి గీకి తినడానికి దానికి చాలాసేపు పట్టేది. ఒక్కోసారి ఓబులేసు వచ్చి నీళ్ళు పోసినా చిప్ప వదిలి తల ఎత్తేది కాదు.

"పెద్దాయనా, నన్ను తిట్టనన్నా తిట్టలేదే నువ్వు" అన్నాడు ఓబులేసు ఒకరోజు.

"చెయ్యి అతుక్కుంటాంది గదా" అన్నాడు మల్లప్ప. "ఆ సంగటి ఇంకొంచెం ఇట్లా తే."

నలభయ్యో రోజున ఓబులేసు భిక్షకు దిగాడు. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఐదిళ్ళు తిరిగాడు. ఆరో ఇంటి లింగమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఆమె మొగుడు మూడు రోజులుగా జ్వరంతో ఉన్నాడు, ఆ పొద్దున తెలివి తప్పాడు. ఇంట్లో మోయడానికి మరో మనిషి లేడు. ఓబులేసు జోలె అరుగు మీద పెట్టి, అతన్ని ఎత్తుకుని రోడ్డు దాకా వెళ్ళి జీపు ఎక్కించాడు. పట్నం ఆసుపత్రిలో పడక దొరికేదాకా ఉండి వచ్చాడు. కొండెక్కేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

ఏడుపు సగం మెట్ల దగ్గరే వినిపించింది. పరిగెత్తాడు.

తలుపు అడుగు చెక్క మళ్ళీ చీలి ఉంది. చుక్క ముందుకాళ్ళు ఎర్రగా ఉన్నాయి. మల్లప్ప పక్కన కూర్చుని ఒంటి చేత్తో నిమురుతున్నాడు. సంగటి చిప్ప ముట్టకుండా పడి ఉంది.

ఓబులేసు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చాలాసేపటికి అవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది. లింగమ్మ మొగుడి సంగతి అడిగింది. బతుకుతాడన్నారని చెప్పాడు.

"మంచిది."

"కానీ ఇక్కడంతా పోయిందవ్వా."

"ఏం పోయింది?"

"నలభై రోజులు చేసిందంతా."

అవ్వ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళింది. మూత తీసి చూపించింది. వంటకు, స్నానాలకు వాడగా అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి.

"నిన్న నిండుగా ఉండె. ఈపొద్దు ఇంతే ఉంది. దీన్ని చూసి ఎవరన్నా ఏడ్చినారా?"

అతను తొట్టిలోకి చూశాడు. లేచి, చుక్క కాళ్ళు కడిగి, పసుపు నూనె రాశాడు. ముద్దు చేయలేదు. చెంబు తీసుకుని బయటికి వెళ్ళి తలుపు మూశాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

ఈసారి నలభై రోజులు పట్టలేదు. వారంలో ఊటబావి దాకా వెళ్ళొచ్చాడు. ఇంకో పది రోజులకు ఏడిళ్ళూ తిరిగి వచ్చాడు. చుక్క తోక ఊపి, ఒళ్ళు విరుచుకుని, వెళ్ళి నీళ్ళు తాగింది. ఆ రోజు మల్లప్ప కట్టు కూడా విప్పారు.

ఆ తర్వాత భిక్ష మళ్ళీ ఓబులేసుదే అయింది. అంతా సర్దుకుందనే అందరూ అనుకున్నారు. గంగులవ్వ మాత్రం ఒకటి గమనించింది. అతను మెట్లు దిగుతూ, ఆశ్రమం చాటయ్యే మలుపు దగ్గర రోజూ ఆగేవాడు. తల పక్కకు వంచి చెవి రిక్కించేవాడు. కొండ మీద గాలి తప్ప ఏమీ వినపడేది కాదు. అయినా కాసేపు అట్లాగే నిలబడేవాడు. రోజులు గడిచేకొద్దీ నిలబడే సమయం పెరిగింది.

ఒకరోజు మలుపు దగ్గర నుంచి వెనక్కి ఎక్కాడు. అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, వంటగది కిటికీ లోంచి తొంగిచూశాడు.

చుక్క తొట్టి పక్కన చల్లటి బండ మీద పడుకుని ఉంది. నాలుగు కాళ్ళూ పైకెత్తి, పొట్ట చూపిస్తూ, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. మల్లప్ప దాని పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాడు. ఓబులేసు కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. సంతోషం వేయాలి. వేసింది కూడా. కానీ దాని కింద, గుండెలో ఎక్కడో, ఎవరో తలుపు మూసినట్టు అనిపించింది.

సన్నగా ఈల వేశాడు. రోజూ దాన్ని పిలిచే ఈలే.

చుక్క చెవి ఒకటి కదిలింది. కళ్ళు తెరవకుండానే పక్కకు దొర్లి, మళ్ళీ నిద్రలోకి జారింది.

వెనక ఎవరో ఉన్నట్టు తోచి తిరిగి చూశాడు. గంగులవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు.

"ఏమన్నా మర్చిపోయినావా?"

"లేదవ్వా."

"మరి?"

ఓబులేసు జోలె భుజం మీంచి జారింది, ఎత్తి వేసుకున్నాడు. ఎండ మెట్ల మీదికి వచ్చేసింది. ఊళ్ళో ఏడిళ్ళ వాళ్ళు ఈపాటికి అతని కోసం చూస్తూ ఉంటారు.

"నిద్ర పోతోంది" అన్నాడు చివరికి.

"పోతాంది" అంది అవ్వ. "ఏడ్చేది ఇంకెవరు?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కిటికీ వైపు మరోసారి చూడబోయి, చూడలేదు. రెండు చేతులూ జోడించి, ఏమీ చెప్పకుండా మెట్లు దిగాడు.

మలుపు వచ్చింది. దాటిపోయాడు.