రెండు గ్లాసుల నీళ్లు

కోదండపాణి మాస్టారిని ఏదైనా అడిగితే ముందు విననట్టే ఊరుకునేవారు. చేతిలో ఉన్న మోకాలో మెడో, ఆ పని పూర్తయ్యేదాకా అంతే. ఆ తరవాత కూడా నోటితో జవాబు చెప్పడం అరుదు. మగ్గాల వీధి చివర, పాత బియ్యం కొట్టులో ఆయన నడిపే ఫిజియోథెరపీ క్లినిక్కులో పని నేర్చుకుంటున్న రోజారాణికి ఈ పద్ధతి ఒళ్లు మండించేది. ఇంత తెలిసిన మనిషి ఒక్క ముక్క విడమరిచి చెబితే ఏం పోయిందని గొణుక్కునేది. ఆమెది దేనికీ ఆగని ప్రాణం. రోగి లేచి నిలబడేలోపు తనే నాలుగడుగులు వేసొచ్చే రకం.

ఆ వేళ మబ్బు పట్టి, గదిలో పగలే లైటు వేయాల్సి వచ్చింది. రోజారాణి ఇక ఉండబట్టలేక నిలదీసింది.

"కోటిలింగం బాబాయి అరుగు అడిగితే ఎందుకు కాదన్నారు మాస్టారూ? మనిషికి ఆశ పెట్టడం కూడా తప్పేనా?"

మాస్టారు తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టారు.

అరుగు సంగతి వీధి వీధంతటికీ తెలుసు. కోటిలింగం మంగలి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు మెల్లగా దారికొచ్చాయి, దువ్వెన పట్టగలడు, కత్తెర ఆడించగలడు. భుజమే మొరాయించింది. రోజారాణి రోజూ అతన్ని మంచం అంచున కూర్చోబెట్టి, మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, "లేపు బాబాయ్, లేపు" అంటూ పైకి తెచ్చేది. రానురాను ఆ చెయ్యి భుజందాకా లేవసాగింది. తన చెయ్యి ఊరికే తోడుగా తాకుతోందంతే, లేపేదంతా బాబాయేనని ఆమె మురిసిపోయేది. ఎవరి కాలో చెయ్యో లేస్తే, వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. కోటిలింగానికి కొట్టినన్ని చప్పట్లు ఇంకెవరికీ కొట్టలేదు.

ఇంట్లో మాత్రం ఆ చెయ్యి లేవదు. "కొంప దగ్గర మొండికేస్తుంది, ఇక్కడికొస్తే బుద్ధిగా లేస్తుంది. ఇదంతా ఈ చోటు రాశి" అని కోటిలింగం తేల్చాడు. బెంచీ కూడా అవునంది. మోకాళ్ల నొప్పుల భూలక్ష్మి అయితే గుమ్మం దగ్గరి మట్టి చిటికెడు కొంగున ముడేసుకుపోయింది. అందుకే తన సెలూన్ కుర్చీని క్లినిక్కు అరుగు మీదికి తెచ్చుకుంటానని అతను బతిమాలాడు. మాస్టారు కుదరదన్నారు. ఆయన గుండె రాయి అన్నారు అందరూ. కోటిలింగం ఆగలేదు. అరుగు కిందే, గోడవారన వేసుకుంటాననీ, తెల్లవారితే భూలక్ష్మి మొగుడి గడ్డంతో బోణీ చేస్తాననీ చాటేశాడు. అతను మంచాన పడ్డప్పటినుంచి పెళ్లాం సంపూర్ణ ఊళ్లోవాళ్ల అంట్లు తోముతోంది. నీళ్లలో నాని పాచిపోయిన ఆమె వేళ్లు చూడలేకే అంత తొందర. సంపూర్ణ కూడా గడ్డం గీసేటప్పుడు కప్పే తెల్లగుడ్డలు ఉతికి ఆరేసింది.

కాసేపటికి మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. కోటిలింగం మంచం అంచున కూర్చున్నాడు. మాస్టారు రెండు స్టీలు గ్లాసుల నిండా నీళ్లు పోసి రోజారాణి రెండు చేతుల్లో పెట్టారు.

"బాబాయి పక్కన నిలబడు. ఒలకబోయకు. ఇప్పుడు లేపమను."

"పెళ్లివారికి పానకం పంచుతున్నావేంటే రోజా!" అంది భూలక్ష్మి. బెంచీ గొల్లుమంది.

రోజారాణి కూడా నవ్వుతూనే అంది, "లేపు బాబాయ్, లేపు!"

కోటిలింగం పళ్లు బిగించాడు. భుజం చెవిదాకా ముడుచుకుంది. నడుం ఎడమకు ఒరిగింది. మెడనరాలు తేలాయి. చెయ్యి మాత్రం తొడ మీద పడుకున్నట్టే ఉంది. చప్పట్లకని ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. అంతలో రోజారాణి పాదాల మీద చల్లగా నీళ్లు పడ్డాయి. చూసుకుంది. నడుం దగ్గర పట్టుకున్న గ్లాసు ఆమె భుజందాకా వచ్చి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

కోటిలింగం ఆ గ్లాసు వంక చూశాడు, తన చేతి వంక చూశాడు.

"అయితే ఇన్నాళ్లూ నువ్వేనా తల్లీ?"

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. సంపూర్ణ లేచి చెంగు దోపుకుంది. "వాన వచ్చేట్టుంది. గుడ్డలు తీసి లోపల పెట్టాలి" అని ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

కోటిలింగం కదల్లేదు. "ఒక్కసారి పాతలాగే పట్టుకో అమ్మా" అన్నాడు మెల్లగా.

రోజారాణి మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు. గ్లాసులు దించి, మోచేతి కింద అరచెయ్యి పెట్టింది. ఈసారి లేపు అనలేదు. ఆ బలంలో అతనిదెంతో తనదెంతో వెతుక్కుంటూ ఎత్తింది. దాదాపు అంతా తనదే. ఆ చెయ్యి ఇంత బరువని ఇప్పుడే తెలిసింది. ఎక్కడో అడుగున, బురదనీళ్లలో చేప మసిలినట్టు, అతనిది కూడా ఏదో కదిలిందేమో. అదీ తన భ్రమేనేమో, తేల్చుకోలేకపోయింది. పైకి లేచిన తన చేతిని కోటిలింగం, బస్సెక్కి వెళ్లిపోతున్న అయినవాళ్లను చూసినట్టు చూశాడు.

"చాలమ్మా, దించెయ్."

వెళుతూ గుమ్మంలో ఆగాడు. "అక్కా, రేపు మీ ఆయన్ని బజారుకే వెళ్లమను, గడ్డానికి." భూలక్ష్మి తల వంచుకుంది.

బెంచీ ఖాళీ అయ్యేదాకా రోజారాణి ఏడుపు బిగపట్టుకుంది. "మీకు తెలిసే ఊరుకున్నారా మాస్టారూ?"

"ఇంట్లో లేవడం లేదని అతనన్నాక అనుమానం వచ్చింది. అంతకుముందు నేనూ చప్పట్లు కొట్టాను."

"ఇంక నేను ఎవరి చెయ్యీ పట్టుకోను."

మాస్టారు తడిసిన నేల మీద గుడ్డ వేసి కాలితో తుడిచారు.

"ఇందాక ఆ చెయ్యి బరువుందా?"

"చాలా ఉంది మాస్టారూ."

"అయితే ఇప్పుడు పట్టుకోవచ్చు" అన్నారాయన.